మెట్ల గోడ

తోడబుట్టినవాడు మరీ అంతకు దిగజారడులే అనుకుంది జల్లెడమ్మ. అలా అనుకోవడమే ఆమె చేసిన పొరపాటు. లేబరు ఆఫీసులో, ఆఫీసరు బల్ల ముందు, బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని నిలబడి, ఆ సైటు మేస్త్రీ అయిన ఆమె అన్న ఇలా సెలవిచ్చాడు.

"ఆయన నా దగ్గర పని చెయ్యలేదండీ. నా చెల్లెలి మొగుడు. ఆ రోజు నన్ను పలకరించి పోదామని సైటుకొచ్చాడు. నేను పైనుంచి దిగేలోగా సరదాకి పరంజా ఎక్కినట్టున్నాడు. కాలు జారింది."

సరదాకట! మూడో అంతస్తు ఎత్తున కర్రలు కట్టి, వాటి మీద చెక్కలు పరిచిన పరంజా ఎక్కి సరదా తీర్చుకోవడానికి ఆయనేమన్నా పసివాడా? ఏళ్ళ తరబడి తాపీ పట్టి గోడలు కట్టిన మనిషి. ఆ పూట ఆయనకు తట్టల్లో మాలు అందించింది జల్లెడమ్మే. ఆఖరి తట్టలో సిమెంటు ముద్ద తడి ఆరకముందే మనిషి కిందున్నాడు. ఆ ముక్క ఆమె కిందటి వాయిదాలో చెప్పుకుంది కూడా. కంట్రాక్టరు తరఫు లాయరు నవ్వి, "పెళ్ళాం మొగుడి వైపు కాక ఇంకెవరి వైపు చెబుతుందండీ" అన్నాడు. గదిలో నలుగురూ నవ్వారు.

ఇవాళ ఎవరూ నవ్వలేదు. అన్న మాటలన్నీ ఆఫీసరు రాసుకున్నాడు. కంట్రాక్టరు కుర్చీలో వెనక్కి వాలి ఫోను చూసుకుంటున్నాడు. చంకకర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మొగుడు మాత్రం బావమరిది వైపు కాసేపు చూసి తల దించుకున్నాడు. ఆయనకు కోపం రాదు. ఆ ఇంటికి రావలసిన కోపమంతా జల్లెడమ్మ వాటాకే వచ్చింది.

ఆ పేరు ఆమెకు సైటులో పెట్టారు. ఇసుక జల్లించడానికి ఆమె కూర్చుందంటే పూచికపుల్ల కూడా తప్పించుకోదు. మనుషులు మాట్లాడిన మాటలనూ అలాగే జల్లించి, రాళ్ళు ఏరి దాచిపెట్టుకుంటుందని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. అబద్ధమేం కాదు. దాచుకున్న ప్రతి రాయీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరి నెత్తినో వేసే తీరుతుంది.

వరండాలో లాయరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఆవిడ కార్మిక సంఘం పెట్టిన లాయరు, చిన్న వయసు, గొంతు మాత్రం పెద్దది.

"పని మీద దెబ్బ తగిలితే నష్టపరిహారం కంట్రాక్టరే ఇవ్వాలి. పనిలో పెట్టుకుంది మేస్త్రీ అయినా సరే, చట్టం ముందు జవాబుదారీ కంట్రాక్టరే. కానీ మీ ఆయన అక్కడ పని చేస్తున్నాడని ముందు తేలాలి కదమ్మా."

"తేలడానికేముంది, గోడలు లేస్తూనే ఉన్నాయిగా."

"గోడలొచ్చి సాక్ష్యం చెప్పవు. కూలి చేతికే ఇచ్చేవాడు మీ అన్న, కాగితమనేది లేదు. తోటివాళ్ళనేమో ఇంకో సైటుకి తోలేశారు, ఫోను ఎత్తడం లేదు. ఇక మిగిలింది మీ అన్న నోరొక్కటే. గురువారం ఆయన్ని నేను ప్రశ్నలడగొచ్చు. ఏం అడిగితే నిజం చెబుతాడో అదే తెలియడం లేదు."

గేటు దగ్గర అన్న మోటారు సైకిలు ఎక్కుతున్నాడు. ఒక్కసారి వెనక్కి చూశాడు. "దొంగ సచ్చినోడా, నీ నోటితోనే నీ అబద్ధం కక్కించకపోతే నేను నీ చెల్లెల్నే కాదు" అని జల్లెడమ్మ పైకే అంది. అంత దూరం వినబడలేదు. వినబడినా ఆమెకు ఫరవా లేదు.

*

మర్నాడు సాయంత్రం వదిన వచ్చింది. వస్తూ వస్తూ పళ్ళు తెచ్చింది. జల్లెడమ్మ ఆ సంచి వైపు కన్నెత్తి చూడలేదు. వాళ్ళుండేది ఒక్క గది. మంచం మీద మొగుడు కాలు చాపుకుని గోడకు చేరగిలబడ్డాడు. తొడలో ఇనప పట్టీలు వేసి కుట్టారు. ఎముక వంకరగా అతుకుతోందట. ఇంకో ఆపరేషను చేస్తే తప్ప ఆ కాలు నేల మీద ఆనదని, అది కూడా ఆలస్యం చెయ్యకూడదని డాక్టరు చెప్పాడు. పరిహారం వస్తేనే ఆపరేషను, లేకపోతే జన్మంతా చంకకర్రలే. ఆ గదిలో ముగ్గురికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ దాని ఊసెత్తలేదు.

"ఆయనకు మాత్రం ఇష్టమా అమ్మా?" అని మొదలుపెట్టింది వదిన. "ఆ కంట్రాక్టరు పిలిచి చెప్పాడు. ఆఫీసువాళ్ళు కట్టమన్నది నేను కడతాను, కట్టి నీ దగ్గర ముక్కు పిండి వసూలు చేస్తాను, ముందు నీ మిల్లరు లాక్కుంటాను అన్నాడు. సిమెంటు కలిపే ఆ మిషనొక్కటే మాకు ఆధారం. అది పోతే మేం రోడ్డున పడతాం."

"మేం పడ్డాంగా. రోడ్డు బాగానే ఉంది, మీరూ రండి."

"అట్లా అనకు. చాటుగా మీ అన్న నెలనెలా ఎంతో కొంత ఇస్తానంటున్నాడు."

"చాటుగా ఎందుకు? ఆఫీసులో అందరి ముందూ నోరు విప్పమను. చాటు బేరాలు దొంగలవి."

వదిన కళ్ళు తుడుచుకుంది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మన పరువే కదా అమ్మా పోయేది."

"పడనీ. ఆ కాళ్ళల్లో ఒకటి ఇప్పటికే విరిగి కూర్చుందిగా."

మంచం మీద నుంచి మొగుడు ఫక్కున నవ్వాడు. నవ్వకూడని చోట నవ్వాననుకున్నాడో ఏమో, వెంటనే దగ్గులోకి దింపేశాడు. వదిన లేచి వెళ్ళిపోయింది. పళ్ళ సంచి అక్కడే వదిలేసింది. దాన్ని తీసుకెళ్ళి వీధి చివర వదిన చేతిలో పెట్టి వచ్చాకే జల్లెడమ్మకు ఊపిరాడింది.

"ఎందుకే అంత కక్ష?" అన్నాడు మొగుడు. "వాడు భయపడ్డాడే. మిల్లరు కొన్న రోజున దానికి తువ్వాలు కప్పి పక్కన పడుకున్నాడు తెలుసా?"

"భయపడితే పారిపోవాలి. నిన్ను తిరుగుబోతు చుట్టాన్ని చేసి చెప్పడమేంటి? పలకరించి పోదామని వచ్చాడట!"

"వాడి పాపాన వాడు పోతాడులే."

"వాడి పాపాన వాడు పోయేదాకా కూర్చుంటే నీ కాలు పోతుంది. వాణ్ణి నేనే పంపిస్తాను."

ఆయన ఎదురుగోడ మీద ఎవరో చేసిన పూతను చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో పడ్డప్పటి నుంచీ ఆయనకు అదే కాలక్షేపం. ఇల్లుగలాయన గోడలో తప్పులన్నీ కంఠతా వచ్చేశాయి. కిటికీ పక్కన సరిగా రుద్దలేదంటాడు, మూల కలవలేదంటాడు. నా గోడ అయితేనా, అని మొదలుపెట్టి సగంలో ఆపేస్తాడు.

*

జల్లెడమ్మ ఇప్పుడు వేరే సైటులో పనికి పోతోంది. వాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసుక విసరడం, కిందికి దొర్లిన గులకరాళ్ళను పక్కకు లాగడం, తట్టలకెత్తడం. బుధవారం ఎండ చురుక్కుమంటోంది. విసిరిన ప్రతి పారా అన్న నెత్తిన పడుతున్నట్టే ఊహించుకుంటోంది కాబట్టి పని తొందరగా సాగుతోంది.

ఆ సైటులో ఒక ముసలి తాపీ పనివాడు ఉన్నాడు. నోట్లో పళ్ళు సగం లేవు. ఇంజినీరు వచ్చీ రాగానే ముసలాణ్ణి పట్టుకుని వాయించాడు. ఆలస్యంగా వచ్చావన్నాడు, చుట్ట కాల్చి చుట్ట కాల్చి పని చెడగొడుతున్నావన్నాడు, ఈ పూట కూలి కోస్తానన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు ముసలాడు అన్నిటికీ చిరునవ్వు నవ్వాడు. ఇంజినీరు వెళ్ళబోతూ ఊరికే తల తిప్పి, "ఆ మూల కొంచెం బయటికొచ్చినట్టుందే" అన్నాడు.

అంతే. ముసలాడు తాపీ పారేసి కిందికి దూకాడు. దారానికి వేలాడే తూకం గుండు తీసుకొచ్చి గోడ నెత్తి మీద నుంచి వదిలాడు. "రా బాబూ, రా, వంగి చూడు. ఎక్కడొచ్చింది బయటికి? చూపించు!" ఇంజినీరు నవ్వేసి పోబోతే చొక్కా పట్టుకున్నాడు. కూలి కోసుకో, పనిలోంచి తీసెయ్, నన్ను తన్ను, కానీ ఆ మాట వెనక్కి తీసుకుని పో అన్నాడు. ఇంజినీరు వంగి, ఒక కన్ను మూసి చూసి, "బాగానే ఉందయ్యా" అనేదాకా చొక్కా వదల్లేదు. సైటంతా గొల్లుమంది.

జల్లెడమ్మ నవ్వలేదు. పార చేతిలోనే ఆగిపోయింది.

అన్నకూ ఇదే జబ్బు. వాణ్ణి తాగుబోతన్నా నవ్వుతాడు. దొంగన్నా నవ్వుతాడు. కూలి ఎగ్గొట్టావని ఎవరైనా మీదికొస్తే భుజం మీద చెయ్యేసి టీ తాగిస్తాడు. కానీ గోడ వంకరంటే మాత్రం మనిషి మనిషి కాదు. అందులోనూ తన మొగుడు కట్టిన ఆ మెట్ల గోడ! మూడు అంతస్తులూ ఒక్క గీతలా లేపాడని వచ్చినవాళ్ళనల్లా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేవాడు. ఇది మా బావ చెయ్యి, చూసుకోండి అనేవాడు.

"దొరికాడు" అంది జల్లెడమ్మ పైకే. పక్కన తట్ట మోసే మనిషి ఎవరే అని అడిగితే, "మా ఇంటి గొర్రె" అంది.

ఆ సాయంత్రం ఇసుక కాళ్ళతోనే లాయరమ్మ గదికి వెళ్ళింది. చెప్పిందంతా విని లాయరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఆ గోడ నిజంగా వంకరా?"

"ఛ! మా ఆయన కట్టింది ఎందుకుంటుందండీ వంకర?"

"మరి అబద్ధం ఎలా అడగను?"

"అడగడానికి అబద్ధమేంటండీ? వంకరట కదా, అనండి. కాదని వాడే చెబుతాడు. వాడు కాదనడమే మనకు కావాలి. తాపీ పట్టుకోవడం కూడా రాని వాళ్ళెవరో కట్టారట కదా అని ఇంకో ముక్క తగిలించండి." ఈ రెండో ముక్క దారిలో నడుస్తూ తయారు చేసుకుంది. బాగా కుదిరిందని ఆమెకే ముచ్చటేసింది.

లాయరమ్మ కలం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "పరంజా ఆ గోడ పక్కనే కాబట్టి అడగొచ్చు. మీ ఆయనకు చెప్పారా మరి?"

"చెబితే ఒప్పుకోడండీ. అయ్యాక చెబుతాలెండి."

గోడలకు చెవులుంటాయంటారు గానీ వంకరంటే నొచ్చుకునే మనసు కూడా ఉంటుందని ఎవరూ అనలేదు కదా, అనుకుంటూ ఇంటికి పోయింది. అన్నాళ్ళకు ఆ పూట ఆకలేసి తింది.

*

గురువారం ఆఫీసు గది కిక్కిరిసి ఉంది. అన్న ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. జల్లెడమ్మ సరిగ్గా వాడి మొహం కనబడే చోటు చూసుకుని కూర్చుంది. మొగుడు గోడ వారగా బెంచీ చివర, కాలు చాపుకోవడానికి వీలున్న చోట కూర్చున్నాడు.

లాయరమ్మ ముందు చిల్లర ప్రశ్నలు వేసింది.

"మీరు తాగుతారా?"

"అప్పుడప్పుడూనండీ."

"కూలీలకు మీరు డబ్బు ఎగ్గొడతారని పేరుంది."

"అందరూ అంటారండీ. మేస్త్రీ అన్నాక మాట పడాలి."

వాడు నవ్వుతూనే ఉన్నాడు. కంట్రాక్టరు కూడా నవ్వాడు. నవ్వుకో నాయనా, నవ్వుకో అనుకుంది జల్లెడమ్మ.

"ఆయన పడిన పరంజా ఏ గోడకు ఆనించి కట్టారు?"

"మెట్ల గోడకండీ."

"ఆ గోడ వంకర పోయిందట కదా. మధ్యలో పొట్ట పొడుచుకొచ్చిందట. అందుకే పరంజా కుదురుగా ఆనలేదంటున్నారు."

అన్న నవ్వు ఆగింది. "ఎవరండీ అంది?"

"నిజమా కాదా చెప్పండి."

"నా సైటులో వంకర గోడ ఉండదండీ." వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే, ముందు చెవులు, తరవాత ముక్కుపుటాలు. జల్లెడమ్మ ముక్కుపుటాల కోసం కాచుకుని కూర్చుంది.

ఇంతలో దేవుడే పంపినట్టు కంట్రాక్టరు నోరు పెట్టాడు. తప్పు మేస్త్రీ మీదికి పోతుంటే ఆయనకు హాయిగా ఉంది. "గోడ సంగతి నిజమేనండీ. కొంచెం వంకరే. మేస్త్రీ మనుషుల పని అట్లా ఏడ్చింది. పడగొట్టి మళ్ళీ కట్టించాలనుకుంటున్నాను" అన్నాడు. ఆయన లాయరు మోచేత్తో పొడిచాడు గానీ మాట అప్పటికే బయటపడింది.

"తాపీ పట్టుకోవడం కూడా రాని వాళ్ళెవరో కట్టి ఉంటారు" అంది లాయరమ్మ, కాగితాలు సర్దుకుంటూ.

అన్న చూపు ఒక్కసారి పక్కకు, బెంచీ వైపుకు పోయింది. అక్కడే కాసేపు నిలిచింది. మళ్ళీ ఇటు తిరిగాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"రాదా? తాపీ పట్టుకోవడం రాదా?" అన్నాడు. "ఆ గోడ మా బావ కట్టాడండీ! పైనుంచి కిందికి గుండు వదలండి, వెంట్రుకవాసి తేడా వస్తే నా చెయ్యి నరికేసుకుంటాను. పడగొడతాడట! ఈయన పుట్టాక ఇంత నిటారు గోడ చూశాడా?"

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరు కట్టారన్నారు? మళ్ళీ చెప్పండి."

కంట్రాక్టరు లాయరు లేచి ఏదో అనబోయాడు. ఆఫీసరు చేత్తోనే కూర్చోమన్నాడు. అన్న గొంతు ఈసారి దిగింది. ఒక్కో మాటా తూచి చెప్పాడు.

"మా బావ కట్టాడండీ. నా కింద, కూలికి. పడ్డ రోజు కూడా దాని పని మీదే ఉన్నాడు. ముందు నేను చెప్పింది అబద్ధం."

ఆఫీసరు రాసుకున్నాడు. కంట్రాక్టరు ఫోను ఒళ్ళో నుంచి జారి కింద పడింది. అబ్బ, జల్లెడమ్మకు కడుపు నిండిపోయింది! అన్న దించుకున్న తలను, చెమట పట్టిన మెడను, నలిగిన చొక్కాను తనివితీరా చూసుకుంది. ఇంకా రెండు కళ్ళుంటే బాగుండుననిపించింది.

*

వరండా చివర కుళాయి దగ్గర అన్న మొహం కడుక్కుంటున్నాడు. అప్పుడే పక్కనుంచి పోతూ కంట్రాక్టరు, "సాయంత్రం మిల్లరు తాళం పంపించు" అని చెప్పి కారెక్కాడు. జల్లెడమ్మ తీరిగ్గా నడిచి వెళ్ళి వాడి వెనక నిలబడింది. ఈ మాట కోసం ఆమె రోజూ ఇసుక జల్లిస్తూ సాధన చేసింది.

"ఏం అన్నా, బావ పలకరించడానికి వచ్చాడా? ఇంటికి రా, నేనూ పలకరిస్తాను."

అన్న తల తుడుచుకున్నాడు. "గోడ మాట లాయరమ్మకు నువ్వే చెప్పావు కదూ?"

"నేనే. గొర్రెలా వచ్చి పడ్డావు."

"పడలేదే పిచ్చిమొహమా. మెట్ల గోడ సంగతి ఆవిడకెట్లా తెలుస్తుంది? అడగ్గానే నువ్వేనని తెలిసింది. నోరు మూసుకుని నిలబడదామనే అనుకున్నా."

ఆమె నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "తెలిసీ ఎందుకన్నావ్?"

"బావ మొహం చూశావా నువ్వు?" అన్నాడు అన్న. "తాపీ పట్టుకోవడం రాదన్నప్పుడు? చూసుండవు. నువ్వు నా మొహమే చూస్తూ కూర్చున్నావు."

ఇన్నాళ్ళు ఆమె ఏరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. వెనక్కి తిరిగి చూసింది. లాయరమ్మ ఎప్పుడు తీసుకొచ్చి కూర్చోబెట్టిందో, మొగుడు వరండా అరుగు మీద ఉన్నాడు. చంకకర్రలు కింద పడి ఉన్నాయి. వాటిని తీసుకోవాలని కూడా ఆయనకు తోచినట్టు లేదు. పడ్డ రోజు ఆసుపత్రిలో కూడా ఆ మొహం అలా లేదు.

ఆమె పరుగున వెళ్ళి పక్కన కూర్చుంది. "గెలిచినట్టేనట. ఆర్డరు రావడమే తరువాయి అంది లాయరమ్మ. కాలు బాగు చేయించుకోవచ్చు."

ఆయన ఆ మాట విననట్టే ఉన్నాడు. "ఆ గోడ వంకర పోలేదే. నేను చూసుకుంటూనే కట్టాను. రోజుకు ఎన్నిసార్లు గుండు వదిలేవాణ్ణి, నువ్వు చూళ్ళేదూ?"

"చూశాను."

"మన లాయరమ్మే అట్లా అందేంటి? ఎవరో చెప్పకపోతే ఆవిడకేం తెలుసు? ఎవరు చెప్పారే?"

అన్న కుళాయి దగ్గర నుంచి వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. జల్లెడమ్మ కిందపడ్డ చంకకర్రలు ఏరింది. ఒకటి నిలబెట్టింది, రెండోది నిలబెట్టింది. నేనే అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఆ కంట్రాక్టరే" అంది. "ఎక్కడో వాగాడట. అది ఈవిడ చెవిన పడింది."

ఆయన నమ్మీ నమ్మనట్టు బావమరిది వైపు తిరిగాడు. "అవునట్రా? వాడన్నాడా నా గోడని?"

అన్న చెల్లెలి వైపు చూడలేదు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అవును బావా. సైటులో నా ముందే అన్నాడు. వాడికి గోడల గురించి ఏం తెలుసు?" అంటూ వంగి బావ చంకలో చెయ్యి వేసి లేపాడు. "లే, బస్సు దాకా నేనూ వస్తాను."

మొగుడి మొహం తేటపడింది. "అదీ సంగతి" అని నిట్టూర్చి, బావమరిది భుజం మీద బరువంతా వేసి నడవసాగాడు. చంకకర్రలు రెండూ మోసుకుంటూ జల్లెడమ్మ వాళ్ళ వెనక నడిచింది. అబద్ధపు సాక్ష్యం చెప్పిన రోజు కూడా అన్న మీద ఆమెకు ఇంత కోపం రాలేదు.